పసుపు కింద మొహం

ఆ రోజుల్లో మా దవాఖానాకు ఆడవాళ్ళు జబ్బుపడి వచ్చినట్టు వచ్చేవాళ్ళు కాదు, పేరంటానికి వచ్చినట్టు వచ్చేవాళ్ళు. వాకిట్లో గుర్రపు ఝట్కా ఆగేది. పరదా ఎత్తి చూస్తే లోపల మనిషి ఒళ్ళు పెనంలా కాలుతూ ఉండేది, ఊపిరి అందక ముక్కుపుటాలు ఎగురుతూ ఉండేవి. కానీ మొహం నిండా పసుపు, నొసట పావలా అంత కుంకుమ, పాదాలకు కూడా పసుపు, కొప్పులో పూలు. ముసల్మానుల ఇళ్ళ బీబీలైతే పెదవుల మీద పాన్ ఎరుపు, గోళ్ళకు మెహందీ, కళ్ళకు సుర్మా. నలుగురి కళ్ళలో పడబోయే మనిషిని బోసి మొహంతో ఎట్లా పంపుతాం అని ఇంటి పెద్దవాళ్ళ పట్టింపు. వాళ్ళను తప్పు పట్టేదేమీ లేదు. మా ఇంట్లో నుంచి ఎవరిని పంపినా మేమూ అట్లాగే పంపేవాళ్ళం.

మా వార్డు సిస్టరమ్మకు మాత్రం ఆ ముస్తాబు చూస్తే ఒళ్ళు మండేది. ఆమె మెదక్ దిక్కు మనిషి, మిషన్ వాళ్ళ దగ్గర పని నేర్చుకుని వచ్చింది. తెల్ల గౌను, నడుముకు బెల్టు, ఛాతీ మీద తలకిందులుగా వేలాడే చిన్న గడియారం. ఝట్కాలో నుంచి మనిషిని దింపి మంచం మీద వేయగానే ఆమె నోట వచ్చే మొదటి మాట ఒక్కటే.

"నీళ్ళు తేవే పిల్లా. గింత పసుపు పూస్తె మా ఇంటి గోడ సుత మంచిగనే కనబడుతది. కింద మనిషెట్లున్నదో చూడాలె గద!"

ఆ నీళ్ళు తెచ్చే పిల్లను నేనే.

మాది కిషన్‌బాగ్. పాలవ్యాపారం. పుట్టినింట్లో బర్రెలే, మెట్టినింట్లో బర్రెలే. చదువు రెండో తరగతితో సరి. అందులోనూ సగం రోజులు పేడ ఎత్తడానికే పోయాయి. ఒక ఏడాది ఏదో రోగం వచ్చి మా కొట్టంలో సగం గుంజలు ఖాళీ అయ్యాయి. మా ఆయన ఆ దవాఖానాకు పాలు పోసేవాడు. తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడే ఆయా కావాలని అక్కడ ఎవరో అంటుంటే విని ఇంటికొచ్చి చెప్పాడు. మా అత్త ఇంతెత్తున లేచింది.

"మందిది ఎత్తిపోసుడు మనకేం ఖర్మరా?"

"బర్రెలది ఎత్తుతలేమా అమ్మా? అవైతె ఎనుక నుంచి తంతయి. మనుషులు తన్నరు గద!" అన్నాడు మా ఆయన.

మనుషులు కూడా తంతారని నాకు మొదటి వారంలోనే తెలిసింది. జ్వరం నెత్తికెక్కిన ఒక పెద్దావిడ నన్ను మంచం అవతలికి తన్నింది. అయినా మర్నాడు పోయాను.

సిస్టరమ్మ నన్ను ఆయాలా చూడలేదు. నాలుగు చేతులుంటే తప్ప ఆ వార్డు నడవదని, అందులో రెండు నావని అనేది. బెడ్‌పాన్ పెట్టడం, పక్క మార్చడం, దుప్పటి ముడత లేకుండా పరచడం నేర్పింది. వాటికంటే ముందు చూడడం నేర్పింది.

"ముందుగాల చూడు. చూసినంక ముట్టుకో. ముట్టుకున్నంక అడుగు. అడిగితె అందరు మంచిగనే ఉన్న అంటరు. గందుకె మళ్ల చూడు."

నాకు గడియారం చూడడం రాదు. ఒకరోజు ఆమె నా వేళ్ళు పట్టుకుని ఒక రోగి మణికట్టు మీద పెట్టించి "ఎట్ల కొట్టుకుంటున్నదే?" అని అడిగింది.

"నిమ్మలంగ పాలు పిండినట్టున్నదమ్మా."

ఆమె పగలబడి నవ్వింది. నవ్వుతూనే పక్క మంచం దగ్గరికి తీసుకుపోయింది. "మరి ఇది?"

"ఇది దూడ గుంజినట్టున్నది. ఆకలిగొన్న దూడ."

సిస్టరమ్మ ఆ చెయ్యి తను పట్టుకుని, గడియారం చూసుకుని, నవ్వడం ఆపేసింది. ఆ పూటంతా ఆ మంచం దగ్గరే ఉంది. అప్పటినుంచి నన్ను చూడగానే "దూడనా, పిండుడా?" అని అడిగేది. లెక్క మాత్రం ఆమె గడియారంతోనే కట్టేది. ఏదో చెడ్డగా ఉందని చెప్పడం నా వేళ్ళ పని. ఎంత చెడ్డదో, ఏం చెయ్యాలో ఆమె చెప్పాలి. మా ఇద్దరికీ అట్లా కుదిరింది.

ఆ ఏడు వానలు పడ్డాక టైఫాయిడ్ ఎక్కువైంది. ఇళ్ళల్లో విషజ్వరం అనేవాళ్ళు. ఉప్పుగూడ నుంచి ఒక కోడలుపిల్లను తెచ్చారు. వాళ్ళదీ పాలవ్యాపారమే. నాకంటే చిన్నది, చంకన పిల్లైనా లేదు ఇంకా. వెంట వాళ్ళత్త వచ్చింది. గట్టి గొంతు, గట్టి చేతులు, మోచేతి దాకా కడియాలు. ఆ పిల్లను నేను చెల్లె అనేదాన్ని, వాళ్ళత్తను పెద్దమ్మా అనేదాన్ని.

తెచ్చినప్పుడు చెల్లె మొహం పెళ్ళికూతురి మొహంలా ఉంది. నేను నీళ్ళు తెచ్చి తుడిస్తే పసుపు కింద పీక్కుపోయిన దవడలు, పగిలి పొక్కులు కట్టిన పెదవులు. నాలుక నడుమ తెల్లగా పాచి పట్టి అంచులు ఎర్రగా ఉన్నాయి. పొట్ట ఉబ్బి ఉంది. "ఎప్పట్నుంచి జ్వరం?" అని సిస్టరమ్మ అడిగితే, "వారం దాటిందమ్మా, మామూలు జ్వరమే అనుకున్నం" అంది పెద్దమ్మ.

ఆ జ్వరానికి అప్పట్లో సూది లేదు, గోలీ లేదు. డాక్టరమ్మ పొద్దున వచ్చి పొట్ట తట్టి చూసి, నాలుక చూసి, "అచ్ఛీ నర్సింగ్ కరో" అని చెప్పి పోయేది. అంటే బాగా చూసుకోండని, మందు మేమేనని. ఆ మాట నాకు అర్థమైన రోజున ఇంటికి నడిచిపోతూ మూసీ ఒడ్డంతా నాదే అన్నట్టు నడిచాను.

చెల్లెను లేవనిచ్చేవాళ్ళం కాదు. కూర్చోనిచ్చేవాళ్ళం కూడా కాదు. పుండ్లు పడకుండా ఇటు పక్క నుంచి అటు పక్కకు మేమే తిప్పేవాళ్ళం. గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు తుడిచేవాళ్ళం, ఉప్పునీళ్ళలో ముంచిన గుడ్డ వేలికి చుట్టి నోరు కడిగేవాళ్ళం. పాలు విరగ్గొట్టి, వడకట్టి, ఆ తేట నీళ్ళు చెంచాతో పట్టేవాళ్ళం. పాలు ఇంటి నుంచి నేనే తెచ్చేదాన్ని. దవాఖానా పాలలో మా ఆయన ఎంత నీళ్ళు పోసేవాడో నాకు తెలుసు కాబట్టి.

ఒకరోజు జ్వరం బాగా పెరిగి చెల్లెకు ఒళ్ళు తెలియలేదు. దుప్పటి కొసలు రెండు చేతులా పట్టుకుని, ఒకటి విడిచి ఒకటి, గుంజుతూనే ఉంది. పక్క మంచంలో గుండెజబ్బుతో ఉన్న నానీమా అది చూసి దువా చదవడం మొదలుపెట్టింది.

"భూత్ హై క్యా రే ఇస్‌కో?"

"భూతం లేదు ఏం లేదు నానీమా. బర్రెను పిండుతున్నది" అన్నాను.

నాకు ఆ చేతులు చూడగానే తెలిసింది. నేను వంగి ఆ పిల్ల చెవిలో, "అయిపోయినయి చెల్లె. గిన్నె నిండింది, దూడను ఇడిశిన. ఇగ పండుకో" అన్నాను. చేతులు ఆగాయి. సిస్టరమ్మ వార్డు గుమ్మం దగ్గర నిలబడి చూసింది. వార్డు పని అయ్యాక నన్ను కూర్చోబెట్టి ఆ జ్వరం సంగతి చెప్పింది.

"ఈ జ్వరంల లోపల పేగు పుండయి పల్చబడుతది. గట్టి మెతుకు ఒక్కటి పోయినా చిట్లుతది. జ్వరం మెల్లమెల్లగ దిగితె మంచిది. ఒక్కసారె దిగిందనుకో, సంబురపడకు. లోపల నెత్తురు పోతుందేమో చూడు. పైకి కనబడదది. నన్ను పిలువు, నేను యాడున్నా సరె."

వార్డు గుమ్మం పక్కన ఒక ఇత్తడి గంట ఉండేది, తాడుతో. ప్రాణం మీదికి వస్తేనే కొట్టాలి. కొడితే ఎక్కడున్న సిస్టర్లయినా ఉరికి రావాలి. అది కొట్టే హక్కు నర్సులదే. ఆయాలు దాన్ని తుడిచేవాళ్ళు, అంతే.

మా పాలవాళ్ళ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. పెద్ద జ్వరం దిగితే ఆ రోజే పథ్యం పెడతారు. పాతబియ్యం మెత్తగా వండి, మిరియాల చారు పోసి, ఇంటి పెద్దామె తన చేత్తో మొదటి ముద్ద పెడుతుంది. అంతకు ముందు పసుపు రాసి బొట్టు పెడుతుంది. అన్ని రోజులు పసుపు లేకుండా పడి ఉన్న మొహానికి మళ్ళీ కళ వచ్చిందని ఆ ముద్దతో అందరికీ తెలుస్తుంది. పెద్దమ్మ రోజూ చుట్టాలను లోపలికి వదిలే ములాఖాత్ వేళకు వచ్చి ఆ ముద్ద ఎప్పుడో అని అడిగేది. "ఇంకా కాలేదు" అంటే మొహం ముడుచుకునేది. "మీరు పస్తులు పెట్టి చంపుతున్నరు నా కోడల్ని" అని సిస్టరమ్మతో లొల్లి పెట్టుకునేది.

ఆ రోజు ములాఖాత్ వేళకు సిస్టరమ్మ అవతలి వార్డులో ఒక కష్టమైన కాన్పు దగ్గర ఉంది. నేను వార్డు చివరన ఒక ముసలమ్మ పక్క మారుస్తున్నాను. చెల్లె మంచం చుట్టూ నవ్వులు వినిపించాయి. తిరిగి చూస్తే పెద్దమ్మ క్యారియర్ విప్పుతోంది.

"సల్లగయింది బిడ్డా! నా కోడలి ఒళ్ళు సల్లగయింది! నొసలు ముట్టుకుంటె గద, కుండల నీళ్ళ లెక్క ఉన్నది!" అని నన్ను కేకేసింది.

చెల్లె మొహం నిండా పసుపు. నిగనిగలాడుతోంది. పెద్ద బొట్టు. చుట్టుపక్కల మంచాల వాళ్ళ చుట్టాలు కూడా చేరి దీవిస్తున్నారు. వార్డులో ఎన్నాళ్ళకో ఒక మంచి కబురు. నాకూ సంతోషమే వేసింది. నవ్వుకుంటూ దగ్గరికి పోయి, ఎందుకో అలవాటుగా, ముందు చూశాను.

మొహం మెరుస్తోంది కానీ పసుపు మీద చెమట బొట్లు లేచి ఉన్నాయి. ఊపిరి పైపైనే ఆడుతోంది. కళ్ళు తెరిచి నన్ను చూసి, "అక్కా, మస్తు దూప అయితున్నది, నీళ్ళియ్యి. కండ్లకు చీకట్లొస్తున్నయి" అంది. చెయ్యి పట్టుకున్నాను. దూడ. ఆకలిగొన్న దూడ కాదు, తల్లి దగ్గర్నుంచి లాగేస్తుంటే దూడ గుంజినట్టు, సన్నగా, తొందరగా. ముక్కు కొన ముట్టుకున్నాను, చల్లగా ఉంది. పొద్దున కాలిన ఒళ్ళు ఒక్క పూటలో ఇట్లా అయింది.

నా కొంగు తీసి ఆ పిల్ల చెంప మీది పసుపు తుడిచేశాను. కింద చెంప సున్నం వేసిన గోడలా తెల్లగా ఉంది. కనురెప్ప కిందికి లాగి చూశాను. లోపల ఎరుపన్నది లేదు.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని లాగేసింది.

"ఏందే నువ్వు చేస్తున్నది? ముత్తైదువ మొహం మీది పసుపు తుడుస్తవా? నా కొడుకు నిండు నూరేళ్ళు బతకాల్నా వద్దా?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా గుసగుసలు. నిజమే, పథ్యానికి రాసిన పసుపు తుడవడం కంటే పెద్ద అపచారం మాలో లేదు. పరాయిదాన్నయితే తెలియక చేశానని వదిలేసేవాళ్ళేమో. నేను వాళ్ళ కులం మనిషిని, తెలిసే చేశాను.

"పెద్దమ్మా, జర ఆగు. ముద్ద పెట్టకు. పిల్ల మంచిగ లేదు."

"జ్వరం దిగినంక మంచిగ లేదంటవేంది? ఇన్ని దినాలు కాలుతున్నదని ఏడ్పిచ్చిన్రు, ఇయ్యాల సల్లబడితె గది సుత తప్పేనా?"

అప్పటికే ఆమె చేతిలో ముద్ద ఉంది. మెత్తటి అన్నం, చారు కారుతోంది. నేను గంట దగ్గరికి పరిగెత్తితే నేను తిరిగొచ్చేలోగా ఆ ముద్ద చెల్లె నోట్లో ఉంటుంది. మంచానికి, ఆమెకు నడుమ నిలబడ్డాను. పక్క మంచం నుంచి నానీమా ఒక చెయ్యి ఊపుతూ, "నక్కో మా, నక్కో! పహలే జాన్, బాద్ మే ఖానా!" అని అరుస్తోంది. ముందు ప్రాణం, తర్వాతే తిండి అని. పెద్దమ్మ ఆమె మాట కూడా వినలేదు. నన్ను భుజంతో నెట్టింది.

డాక్టరమ్మ మాట చెబితే వినదు, పేగు సంగతి చెబితే నమ్మదు. నాకప్పుడు మా కొట్టమే గుర్తొచ్చింది.

"పెద్దమ్మా, ఒక్క ముచ్చట చెప్పు. ఈనిన బర్రె ఒక్కసారె చెవులు సల్లగ చేసుకుని పండితె, జ్వరం లేదు గదా అని గుగ్గిళ్ళు పెడుతవా?"

"పిచ్చిదానివా? చెవులు సల్లబడ్డంక ఇగ ఏముంటది? పానం మీదికొచ్చినట్టె" అంది చప్పున, కోపంతోనే.

"నీ కోడలి చెవులు ముట్టుకో."

ఆమె నన్ను చూసింది. ఎడమ చేత్తో చెల్లె చెవి పట్టుకుంది. చెవి కొస నుంచి మొదలు దాకా, బర్రె చెవిని చూసినట్టే, బొటనవేలితో నిమిరింది. ఇంకో చెవి చూసింది. ఆమె మొహంలో రంగు మారడం నా కళ్ళతో చూశాను. పాలవాళ్ళ చేతులకు అబద్ధం చెప్పడం ఎవరి తరమూ కాదు.

"ఓ యవ్వ" అంది చిన్నగా. తర్వాత పెద్దగా, "ఇప్పుడేం చెయ్యాల్నే బిడ్డా? నిలబడి చూస్తవేంది, చెప్పు!"

"తలగడ తీస్తున్న, నేను ఈమెను కదలనియ్య. నువ్వు ఉరుకు. గుమ్మం కాడ గంట ఉన్నది. ఊడొచ్చేదాక కొట్టు."

ఆ లావుపాటి మనిషి అట్లా పరిగెత్తగలదని నేను అనుకోలేదు. ముద్ద చేతిలోనే ఉంది. ఆ చేత్తోనే గంట తాడు పట్టుకుని గుంజింది. దవాఖానా అంతా దద్దరిల్లింది.

సిస్టరమ్మ కాన్పు దగ్గర ఇంకో నర్సును పెట్టి తడి చేతులతోనే వచ్చింది. "ఎవరు కొట్టింది?" అని అడగబోయి చెల్లె మొహం చూసింది. సగం పసుపు, సగం తెలుపు.

"ఇటుకలు తే."

మంచం కాళ్ళవైపు ఎత్తి ఇటుకలు పెట్టాం. కాళ్ళు ఎత్తుగా, తల పల్లంగా. రంపపు పొట్టులో దాచిన మంచుగడ్డ పగలగొట్టి, సంచిలో వేసి పొట్ట మీద ఆనీఆనకుండా పెట్టాం. నోట్లో నీళ్ళు కూడా పోయకూడదు, తడిగుడ్డతో పెదవులు అద్దడమే. కదలనివ్వకుండా కిందికి బెడ్‌పాన్ జార్చి తీస్తే తారులా నల్లగా ఉంది, లోపల పోయిన నెత్తురు. డాక్టరమ్మ కోసం మనిషిని పంపారు. ఆమె వచ్చి పొట్ట చూసి, అది చూసి, పిల్ల కదలకుండా నిద్రపోవడానికి సూది వేసింది.

"హిల్నా బిల్‌కుల్ నహీ" అంది, అసలే కదలకూడదని. ఆ తర్వాత సిస్టరమ్మను, "కిస్‌నే పకడా?" అని అడిగింది. ఎవరు గుర్తుపట్టారు అని.

"మా పిల్ల" అంది సిస్టరమ్మ.

ఆ రెండు మాటలు నేను ఈనాటికీ మరవలేదు. చాలామంది నన్ను చాలా రకాలుగా పిలిచారు. అంత పెద్ద పేరు ఎవరూ పెట్టలేదు.

నా వేళ్ళు చెల్లె మణికట్టు మీద నుంచి తీయవద్దని సిస్టరమ్మ చెప్పింది. పెద్దమ్మ మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. ములాఖాత్ వేళ దాటిందని ఎవరూ ఆమెను లేపలేదు. చాలాసేపు దూడ గుంజుతూనే ఉంది. ఒకసారి మరీ సన్నబడి నా వేళ్ళకు అందలేదు. నేను సిస్టరమ్మ వైపు చూస్తే ఆమె కూడా వచ్చి పట్టుకుంది. ఇద్దరం ఒక చేతినే పట్టుకుని కూర్చున్నాం. దీపాలు పెట్టే వేళకు దూడ నెమ్మదించింది. ఆ తర్వాత ఎవరో తొందర మనిషి పాలు పిండుతున్నట్టు కొట్టుకుంది. చెవి ముట్టుకున్నాను. కొస చల్లగానే ఉంది, మొదట్లో వెచ్చదనం తగిలింది.

"ఎట్లున్నదే?" అంది సిస్టరమ్మ.

"పిండుతున్నదమ్మా. తొందరగనే, గని పిండుతున్నది."

ఆమె గడియారం చూసుకుని తల ఊపింది. పెద్దమ్మ ఏం అర్థం చేసుకుందో, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు గంట తుడవడానికి పోతే తాడుకు అన్నం మెతుకులు ఎండి అతుక్కుని ఉన్నాయి. గోటితో గీకి తీశాను.

చెల్లెకు మళ్ళీ కొంచెం జ్వరం వచ్చింది, దానికి మేమంతా సంతోషించాం. పెద్దమ్మే అందరికంటే ఎక్కువ. "ఒళ్ళు వెచ్చగున్నది, మంచిగున్నది" అని నానీమాకు చెబుతుంటే నానీమా నవ్వలేక గుండె పట్టుకుంది. తర్వాత అది మెల్లమెల్లగా, మెట్టు మెట్టుగా దిగింది. చుక్క చుక్క తేట నీళ్ళు, ఆ పైన బార్లీ, ఆ పైన పాలు. ఒక రోజు సిస్టరమ్మ, "రేపు తెమ్మను ఆమె ముద్ద" అంది.

పెద్దమ్మ క్యారియర్‌తో, పసుపు డబ్బీతో వచ్చింది. మంచం పక్కన కూర్చుంది కానీ డబ్బీ మూత తీయలేదు. నన్ను పిలిచింది.

"నువ్వు చూసుకో బిడ్డా ముందుగాల. చూసినంకనే రాస్త."

నేను చెల్లె మొహం చూశాను. రెప్ప లాగి చూశాను, లోపల పల్చటి ఎరుపు. చెవులు వెచ్చగా ఉన్నాయి. మణికట్టు మీద నిమ్మలంగా పాలు పిండుతున్నారు ఎవరో. సిస్టరమ్మ అవతల మంచం దగ్గర నిలబడి గడియారం వైపు చూడకుండా నా వైపు చూస్తోంది.

"రాయి పెద్దమ్మా" అన్నాను.

ఆమె పసుపు రాసి, బొట్టు పెట్టి, ముద్ద పెట్టింది. చెల్లె నమిలి మింగి, "ఉప్పు ఎక్కువైంది అత్తా" అంది. వార్డంతా నవ్వింది. పెద్దమ్మ, "పానం వచ్చింది నీకు, నోరు సుత వచ్చింది" అని ఇంకో ముద్ద కలిపింది.

ఇంటికి పోయి మా అత్తకు చెప్పాను. మర్నాడు ఆమె పాలకు వచ్చినవాళ్ళకు కొట్టం గుమ్మంలో నిలబడి, "మా కోడలు చెయ్యి పడితె దవాఖానల గంట మోగుతది" అని చెబుతుంటే విన్నాను. అది నిజం కాదు, గంట కొట్టింది నేను కాదు. సరిదిద్దబుద్ధి కాలేదు.

ఆ తర్వాత ఉప్పుగూడ దిక్కు నుంచి వచ్చే ఝట్కాల్లో ఒక మార్పు వచ్చింది. పరదా ఎత్తితే లోపలి మనిషి మొహం కడిగి ఉండేది. బొట్టు ఉండేది, చిన్నగా. పసుపు ఉండేది కాదు. ఒకసారి ఒక ముసలామె కూతురిని దింపుతూ, "కడిగే తెచ్చినం బిడ్డా, మీ పెద్దమ్మ చెప్పింది. చూసుకోండ్రి" అంది. నీళ్ళ కోసం అలవాటుగా గిన్నె ఎత్తిన నేను దాన్ని కింద పెట్టి, చూడడం మొదలుపెట్టాను.

ఆ ముసలామె కొంగుకు ఒక ముడి ఉంది. అందులో పసుపు డబ్బీ, ఇంటికి పోయే రోజు కోసం.